మాస్టారి ఉత్సర్గ నాళం

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అరుగు మీద నిలబడ్డారు చలపతి మాస్టారు.

రాజోలు నుంచి దానం వచ్చేడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదివి ఫిజిక్స్ తప్పేడు. ఫ్రిజ్‌లో గాలి లాగే పంపు బండి వెనక కట్టుకొచ్చేడు.

"ఇవాళైనా వెలుగుతుందంటావా?"

"ఆయ్. వెలగాలండి."

ముప్పై యేళ్లు కాలేజీలో ఆయన ఉత్సర్గ నాళం బొమ్మ బోర్డు మీద గీసేరు. గాజుగొట్టంలో గాలి తీసేసి కరెంటు పంపితే ఆకుపచ్చ వెలుగొస్తుందని, పరమాణువు లోపల ఇంకా చిన్న కణాలున్నాయని లోకానికి తెలిసింది ఆ వెలుగు వల్లేనని చెప్పేరు. కళ్లతో మాత్రం ఒక్కసారీ చూడలేదు. కాలేజీలో గొట్టం ఉంది, పంపు లేదు. ఈమధ్య పాత బీరువాతో పాటు పారేస్తుంటే గొట్టం, దానికి కరెంటు అందించే కాయిల్ ఇంటికి తెచ్చుకున్నారు.

దసరా దాటితే చూపు ఉండదని డాక్టరు చెప్పేడు. దసరాకి ఇంకా ఇరవై రోజులుంది.

మూడు రోజులుగా గొట్టంలోకి గాలి ఎక్కడో దూరుతోంది. దానం కంసాలి దగ్గర లక్క తెచ్చి అతుకులన్నీ మళ్లీ పూసేడు. వేళ్లు బొబ్బలెక్కేయి.

"ఈ ప్రశ్న వదిలేసే కదండి ఫ్రిజ్‌ల పాలయ్యేను. ఇప్పుడు కూర్చోబెట్టి రాయిస్తన్నారు."

"రాయరా. ఈసారి నువ్వు తప్పితే నేనూ తప్పినట్టే."

మాస్టారి భార్య శారదాంబ కిటికీలు మూసి, సందులకి దుప్పట్లు కట్టింది. గది చీకటైపోయింది. పంపు గంటసేపు కొట్టుకుంది. దానం "ప్రభువా" అనుకుని స్విచ్చి నొక్కేడు.

కాయిల్ చిటపటలాడింది. గొట్టంలో గులాబీ రంగు పొగలా పాకింది. పాకి, చెదిరింది. ఆ తరవాత గాజంతా వరినారు రంగులో వెలిగింది.

శారదాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానం మాస్టారి వంక చూసేడు. ఆయన ముందుకి వంగి, రెప్ప వెయ్యకుండా గొట్టం వైపే చూస్తున్నారు. ఆ మొహం మీద ఆకుపచ్చ కదులుతోంది.

ముప్పై యేళ్లు ఎదురుచూసిన మనిషి. వెలిగిందన్న మాట ఆయన నోటి వెంట రాకుండా తాము ముందు అనడం బాగోదని ఇద్దరూ ఊరుకున్నారు. పంపు వేడెక్కేదాకా ఉంచి, దానం ఆపేసేడు.

శారదాంబ ముగ్గురికీ ఆకులు వేసింది. ఆనపకాయ పులుసు, కంద వేపుడు. దానం ముద్ద ముద్దకీ తలెత్తి, మాస్టారు ఏమంటారా అని చూస్తున్నాడు.

మజ్జిగ పోసుకున్నాక, మాస్టారు ఎడంచేత్తో అతని భుజం తట్టేరు.

"దిగులు పడకురా దానం, ఇవాళ వెలక్కపోతేనేం, రేపు వెలుగుతుంది."