ఆయుధ పూజకు ఆపిన పెట్టె

“దీన్ని ఆపింది ఎవరమ్మా?”

బల్ల కింద ఉన్న నల్ల పెట్టె ముందు గొంతుక్కూర్చుని అడిగాడు అతను. పెట్టె మీద పసుపు, కుంకుమ బొట్లు ఇంకా అలాగే ఉన్నాయి. పక్కన ఎండిపోయిన నిమ్మచెక్కలు.

“నేనే,” అంది కృష్ణవేణి. “ఆయుధ పూజ కదా. మిక్సీ, కుట్టుమిషను, అన్నీ తుడిచి బొట్లు పెట్టినా. పూజనాడు ఏ మిషనూ తిరగకూడదని దీన్ని కూడా ఆపేసినా. తెల్లారి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగతా కూసుంది.”

అతను ముక్కున వేలేసుకున్నాడు. మదనపల్లెలో ఒక మనిషి ఫోటోలు, వీడియోలు దాచుకోవడానికి ఇంట్లోనే సొంత సర్వర్ పెట్టుకోవడమే వింత. దాన్ని ఇంత భక్తిగా చంపిన ఇల్లాలు ఉండటం ఇంకా పెద్ద వింత.

“నడిచేటప్పుడు అది ఏమీ అడగదమ్మా. ఒకసారి ఆపితే మాత్రం లోపలి డిస్కుకి తాళం పడిపోతాది. పాస్‌వర్డ్ లేకపోతే దేవుడు దిగొచ్చినా తెరవలేడు. మీ ఆయన్ని అడిగినారా?”

“అడిగినాము. తెలీదంటాండాడు.”

అతను అమ్మా అన్నప్పుడల్లా ఆమె తల వంచుకుంటోంది.

“పెట్టినోడికి తెలీకపోవడం ఏంది?”

“పుంగనూరు రోడ్డులో లారీ గుద్దింది. తలకు దెబ్బ. పాస్‌వర్డ్ మాట అట్లుండనీ, మమ్మల్నే గుర్తుపట్టడం లేదు. మొదట్లో ‘నేను నీ పెండ్లాన్ని, ఇది నీ బిడ్డ’ అని చెప్పినాము. బెదిరిపోయి వీధిలోకి పరిగెత్తినాడు. అప్పట్నుంచి చెప్పడం మానేసినాము.”

“అయ్యో పాపం! ఇప్పుడు యాడుండాడు?”

“ఇంట్లోనే ఉండాడు.”

అతను గొంతు తగ్గించాడు. కుడిచెయ్యి బల్ల వెనక్కి పోనిచ్చి, చూడకుండానే స్విచ్ నొక్కాడు. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడుగుతూ ఖాళీ గీత ఒకటి మినుకుమినుకుమంది.

“పాత వీడియోలు చూపించండి, ఆయప్ప గొంతు ఆయప్పకే వినిపించండి, ఏదో ఒకటి తగిలి జ్ఞాపకం రావచ్చు అన్నాడు డాక్టరు,” అంది కృష్ణవేణి. “ఆ మాట పండగ అయినాక చెప్పినాడు. ముందే చెప్పింటే దీని జోలికే పోయేదాన్ని కాదు. పాప నడక నేర్చింది, మా పెళ్లిరోజు ఆయన పాడింది, అన్నీ దీంట్లోనే ఉండాయి.”

“వేరే యాడా లేవా? ఫోన్లలో?”

“ఉండనిచ్చినాడా మహానుభావుడు!” కృష్ణవేణికి ఒక్కసారిగా కోపం పొంగింది. “మన ఫోటోలు తీసుకుని కంపెనీలోళ్లు ఏఐకి చదువు చెప్తాండారని అన్నీ తీసేయించినాడు. పుంగనూరులో మా వదిన ఫోన్లోవి, కుప్పంలో మా తమ్మునివి కూడా దగ్గర కూచోని తుడిపించినాడు. మిగిలింది పెళ్లి ఆల్బం ఒకటే. అది చూపిస్తే, ఎవరి పెళ్లి ఇది అని అడిగినాడు.”

గుమ్మానికి ఆనుకుని నిలబడిన కూతురు మేఘన అందుకుంది. “నేను ఫోన్లో ఏఐని కూడా అడిగినా. దారే లేదంది. పైగా, మీ సమాచారం చాలా భద్రంగా ఉందని మెచ్చుకునింది.”

“అది మాత్రం నిజం పాపా. మీ నాయన గట్టోడు. కట్టిన పద్ధతి చూస్తాంటే ముచ్చటేస్తాండాది.”

“ఆ కంపెనీల దగ్గరే ఉండింటే ఒక ఓటీపీతో తెరుచుకునేది కదా!”

“వాళ్లకాడ ఉంటే ఆడబిడ్డ ముఖం ఎవరి చేతిలో పడతాదో తెలీదు. నేనైనా ఇట్లే చేసుంటా.”

మేఘన గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. కృష్ణవేణి కూడా వంటింట్లోకి పోయి, చక్కెర వేయని కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను తాగి, గ్లాసు పక్కన పెట్టి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

కూతురి పేరు కొట్టాడు. తప్పు. పెళ్లి తారీఖు అడిగి కొట్టాడు. తప్పు. కులదైవం పేరు, బండి నంబరు, పుట్టిన ఊరు సోమల. అన్నీ తప్పే. విసుగొచ్చి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు వేళ్లు వాటంతటవే టకటకా కదిలాయి. ఒక అక్షరం, ఒక అంకె, మళ్లీ అక్షరాలు.

“మేఘనా!” అని కేకేసింది కృష్ణవేణి.

కూతురు పరిగెత్తుకొచ్చింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను కళ్లు తెరిచాడు. వేళ్లు ఆగిపోయాయి.

“కొట్టండి, ఆపొద్దండి, దండం పెడతా!” అంది కృష్ణవేణి.

“ఏం కొడతాంటినో నాకే తెలీలేదమ్మా.” తన చేతుల వంక తనే వింతగా చూసుకున్నాడు. మళ్లీ కళ్లు మూసుకుని ప్రయత్నించాడు. వేళ్లు కదల్లేదు.

చాలాసేపటికి లేచి, చొక్కా దులుపుకున్నాడు.

“నా వల్ల కాదమ్మా. ఆయప్పకు గుర్తొస్తే తప్ప ఇది తెరుచుకోదు.”

“ఇది తెరుచుకుంటే తప్ప ఆయనకు గుర్తొచ్చేటట్టు లేదు,” అంది కృష్ణవేణి.

అతను చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లి, రోడ్డుకు అటూ ఇటూ చూశాడు.

“పెట్టె చానా బాగా కట్టినాడని మీ ఆయనకు చెప్పండమ్మా. అట్లే, నేను పోవాల్సింది యాడికో... బస్టాండు ఎటుంది?”

“పొద్దు పోయింది. రేపు పోదురు, రండి.”

కృష్ణవేణి గేటు మూసి, భర్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.