బ్యాటరీ నిలవని బండి

ముసలాయన బండిని మళ్లీ తోసుకుంటూనే వచ్చాడు.

దాన్ని చూడగానే జావీద్‌కు ఒళ్లు మండింది. కొత్త బ్యాటరీ వేసి నిండా నెల కాలేదు. ఇంతలోనే ఆ బండి షాపు ముందుకు రావడం ఇది మూడోసారి.

పిడుగురాళ్లలో బండి వైరింగు అంటే జావీదే అన్న పేరు ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి నడుం వంచి సంపాదించుకున్నాడు. ఆ పేరుకు ఈ డొక్కు బండి ఎసరు పెట్టేలా ఉంది.

"ఏంది పెద్దాయనా, మళ్లీనా?"

"సెల్ఫ్ నొక్కితే టిక్కుమంటంది నాయనా, అంతే. కిక్కు కొట్టే సత్తువ నాకా లేదు."

బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఎరువుల కొట్టు ఉపేంద్ర కిసుక్కున నవ్వాడు. "జావీదూ, ఈ రోగానికి నీ కాడ మందు లేనట్టుంది. సత్తెనపల్లి తీసకపొమ్మని చెప్పరాదూ?"

ఆ మాట జావీద్‌కు ఎక్కడో తగిలింది. ఇవాళ దీని అంతు తేల్చాల్సిందే అనుకున్నాడు.

వేరే బ్యాటరీ తగిలించి బండి స్టార్ట్ చేశాడు. మీటరు పెట్టి ఇంజన్ రేజ్ చేశాడు. చార్జింగ్ బాగానే వస్తోంది. తాళం తీసేసి, ఎక్కడైనా కరెంటు లీకవుతోందేమోనని బ్యాటరీ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. హ్యాండిల్ దగ్గర వైర్లు ఒరుసుకుపోలేదు. ఎలుకలు కొరకలేదు. హారన్, బ్రేకు స్విచ్చి, ఇండికేటర్లు అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"బండిలో తేడా లేదు," అంటూ లేచాడు. "తేడా నీలోనే ఉంది పెద్దాయనా. తాళం ఆన్‌లో పెట్టి మర్చిపోతన్నావా?"

ముసలాయన కాసేపు నసిగాడు.

"పొద్దుగూకినాక కాసేపు లైటు ఏసుకుంటా. మోటారు ఆపేసి."

"కాసేపంటే?"

"గంటో, ఇంకాస్తో."

"గంటసేపా! ఏం చూద్దామని? దెయ్యాలకి కాపలా కాస్తన్నావా?"

ఉపేంద్ర పగలబడి నవ్వాడు. ముసలాయన కూడా మొహమాటంగా నవ్వి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"చిన్న పనుంటదిలే నాయనా."

"మరి మోటారు ఆన్‌లోనే పెట్టుకోవచ్చుగా?"

"నిలబెట్టి తిప్పితే పాత మోటారు కాగిపోద్దని మొన్న నువ్వేగా చెప్పింది."

బండిని లాంతరులా వాడుకునే మొండి మనిషికి ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మందేదో బండికే వేస్తే సరి.

హెడ్‌లైటు వైరును బ్యాటరీ నుంచి తప్పించి, ఇంజన్ తిరిగితేనే కరెంటు పుట్టే కాయిల్‌కు కలిపేశాడు. వెనకటి బళ్లన్నీ అంతే. ఇంజన్ ఆగితే లైటు ఆరిపోతుంది, నెమ్మదిగా తిరిగితే మిణుకుమంటుంది. బ్యాటరీ జోలికి మాత్రం పోదు.

పని మధ్యలో ఫోన్ మోగింది. జావీద్ భార్య జీనత్. మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి కారంపూడి రోడ్డు వైపు కూలికి పోతుంది.

"ఇయ్యాల కాయ చానా ఉంది. ఆఖరి ఆటోకి వస్తా."

"సరే, జాగ్రత్త."

ముసలాయన లైటు వంక దిగులుగా చూశాడు. "మోటారు ఆపితే ఇంక ఎలగదా?"

"ఛస్తే ఎలగదు. నీ బ్యాటరీ ఛస్తే దిగదు."

"అట్టా కాదు నాయనా, సాయంత్రం పూట నాకు..."

"పెద్దాయనా, దండం పెడతా. ఈ బండి ఇంకోసారి నా కంటపడకూడదు. పో."

ముసలాయన వాలుతున్న పొద్దు వంక ఒకసారి చూసి, ఆదరాబాదరాగా బండెక్కి వెళ్లిపోయాడు.

జావీద్ ఉపేంద్ర వైపు తిరిగి మీసం మెలేశాడు.

జీనత్ ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడింది. లోపలికి కూడా రాలేదు, గడప మీదే కూలబడింది.

"ఏమైందే?"

"కల్వర్టు కాడ... లైటు బాబాయి పోయాడయ్యా."

"ఎవరే ఆయన?"

"కల్వర్టు సగం కొట్టకపోయి గుంట పడిందిగా, అడ్డంగా ఒక రాయి పెట్టిన నాథుడు లేడు. వానల్లో అందులో పడ్డ ఇద్దర్ని ఆయనే పైకి లాగాడంట. అప్పట్నించీ పొద్దుగూకితే చాలు, బండి స్టాండేసి ఆ గుంట మీదకి లైటు ఏసి కూచుంటాడు. మా ఆఖరి ఆటో దాటిందాకా కదలడు."

"మరి ఇయ్యాల?"

"ఏమైందో ఏమో, మోటారు తిరగతానే ఉంది గానీ లైటు గుడ్డిదీపం మాదిరి ఉంది. గుంట అవుపళ్లా. ఆయనే రోడ్డు మధ్యకొచ్చి తువ్వాలు ఊపాడు. మా ఆటో పక్కకి తిరిగింది. ఎనకమాల వచ్చే సున్నపురాయి లారీ తిరగలేకపోయింది."

జీనత్ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇన్నాళ్లూ ఆయన పేరైనా అడగలేదయ్యా మేం."

జావీద్ కూడా అడగలేదు.

ఆ ముసలాయన రోజూ తన బ్యాటరీ ఖాళీ చేసుకున్నది జీనత్‌ను ఇంటికి చేర్చడానికేనని, ఆ వెలుగును ఇవాళ తన చేత్తోనే ఆర్పేశానని ఆమెకు ఎలా చెప్పాలో జావీద్‌కు తెలియలేదు.