తాళం తీసే పేరా

“దొంగతనం గురించి రాస్తే నేను దొంగనైపోతానా లాయర్‌గారూ?”

“తలపిన్నుతో తాళమెలా తియ్యాలో పూసగుచ్చినట్టు రాశారు కదమ్మా! రేపెవడో తీస్తే కేసు పబ్లిషర్ మీదే. ఆ పేరా పోవాల్సిందే.”

రాయడం వేరు, చెయ్యడం వేరని చెప్పీ చెప్పీ రచయిత్రి నోరు నొప్పెట్టింది. విసురుగా బయటికి నడిచింది. సర్దిచెప్పబోతూ లాయరు వెనకే వరండాలోకి వచ్చాడో లేదో, గాలికి గది తలుపు ధడాలున మూసుకుని తాళం పడింది. తాళంచెవి, భోజనం క్యారేజీ లోపలే ఉండిపోయాయి.

“ఏదీ, మీ కథలోలాగా తియ్యండి చూద్దాం,” అన్నాడు లాయరు వెటకారంగా.

ఆవిడ తలలోంచి పిన్ను లాగి, రాసింది రాసినట్టే తాళంలో తిప్పింది. లోపల గడియ కదిలిన సంగతి వేళ్ళకి తెలిసింది.

చెయ్యి ఆగింది. పిన్నుని మెల్లగా వెనక్కి తిప్పేసింది.

“రావట్లేదండీ. అంతా కల్పనే.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! అబద్ధమైతే భేషుగ్గా అచ్చేసుకోమనండి.”

నిజం రాసి అబద్ధమనిపించుకోవాల్సి వచ్చినందుకు ఆవిడకి మండిపోయింది. పిన్ను మళ్ళీ తలలో గుచ్చుకుంది.

“మరి నా క్యారేజీ?”

“తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించుకోండి. నాకు రాయడమే వచ్చు,” అంటూ చరచరా మెట్లు దిగింది.