గళ్ళ నేల

"ఈ ప్లాస్టిక్ పలకలకు మేస్త్రీ వద్దు, సిమెంటు వద్దు. ఒకదానికొకటి తగిలించి కాలితో తొక్కితే చాలు సార్, నేల రెడీ. దుడ్లు కొంచెం ఎక్కువే గానీ, బెంగుళూరులో పెద్దపెద్దోళ్ళ కారు షెడ్లలో ఇదే" అన్నాడు హిందూపురం టైల్స్ షాపు బాబావలి.

అంతే, నారాయణప్ప బుట్టలో పడ్డాడు.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఆయనది. పొద్దున లేస్తే నలుగురిని మాటలతో బుట్టలో వేసే మనిషి. అలాంటివాడు పది నిమిషాల్లో పలకలన్నీ కట్టించుకుని లగేజి ఆటో ఎక్కించాడు.

అది 2006. సెకండ్ హ్యాండు మారుతి కొని, ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించాడు. నేల ఒక్కటే మిగిలింది. భార్య లక్ష్మీదేవమ్మ తాడిపత్రి బండలు వేయిద్దామంది. పెనుకొండ నుంచి వచ్చిన బామ్మర్ది అంజనప్ప కూడా అక్క మాటే నా మాట అన్నాడు.

"బండలు ఊరంతా ఉండాయి. మన షెడ్డులో ఫారిన్ నేల ఉండాల" అన్నాడు నారాయణప్ప. "ఇది గానీ బాగలేదనుకో, ఈ జన్మలో ఇంటి సంగతుల్లో నోరెత్తను. అన్నీ మీ అక్క ఇష్టం."

"అక్కా, విన్నావు కదా? నేనే సాక్షి" అన్నాడు అంజనప్ప.

ఆదివారం పొద్దున పంచె ఎగ్గట్టి నారాయణప్ప తనే పరిచాడు. గడులు గడులుగా ఉన్న ప్లాస్టిక్ పలకలు. టకటకా అతుక్కున్నాయి. మధ్యాహ్నానికల్లా షెడ్డు నిండా గళ్ళ చీర పరిచినట్టు ఉంది. చీరల మనిషికి అంతకన్నా ఏం కావాలి! తన తెలివికి తనే శాలువా కప్పుకోవాలనిపించింది.

వారం తిరక్కుండానే అసలు సంగతి మొదలైంది.

గడుల్లో మట్టి చేరింది. ఊడిస్తే ఈ గడిలోది ఆ గడిలోకి పోతుంది తప్ప బయటికి రాదు. నారాయణప్ప పాత టూత్ బ్రష్షు పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

"ఏమయ్యా, నేలకు పండ్లు తోముతాండావా?" అంది లక్ష్మీదేవమ్మ.

"దుమ్ము పైకి లేయకుండా పట్టి పెడుతుందే ఇది. అదే దీని గొప్ప."

కారు కడిగితే నీళ్ళు గడిగడికీ నిలిచాయి. వారానికల్లా వాటిలో దోమపిల్లలు ఈత కొడుతున్నాయి.

"నీళ్ళుంటే టైర్లు చల్లగా ఉంటాయిలే. ఎండలు ఎట్లుండాయో చూడు!"

"టైర్లకు చల్లగానే ఉండాది. మనకే చలిజొరం వచ్చేట్టుండాది."

శనక్కాయ పొట్టు, కారు బోల్టులు, చచ్చిన బొద్దింకలు అన్నీ ఆ గడుల్లోనే కాపురం పెట్టాయి. ఒక్కోదానికీ నారాయణప్ప ఒక్కో గొప్ప చెప్పాడు. లోపల మాత్రం, 'ఒరే నారాయణప్పా, చిరుగు చీర చూపించి గాలి బాగా ఆడుతుందని అమ్మగలవు నువ్వు. ఇప్పుడు నీ సరుకు నువ్వే కొనుక్కుంటున్నావు కదరా' అని తనను తానే తిట్టుకునేవాడు.

ఒకనాడు లక్ష్మీదేవమ్మ కాలి మెట్టె గడిలో ఇరుక్కుంది. చంకలో బిందెతో సహా ముందుకు పడింది. మోకాలు వాచిపోయింది. కుంటుకుంటూనే పోయి పొయ్యి ముట్టించింది. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాడు. ఆ కుంటు నడకే ఆయన ప్రాణం తీసింది.

కాపడం పెడుతూ, "తప్పు నాదేనే. ఆ నేల పాడుగాను, నీ బండలే వేయిద్దాం" అన్నాడు. చెప్పేటప్పటికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కబురు తెలిసి అంజనప్ప వచ్చాడు. "పారేసేదెందుకు బావా? మా షెడ్డులో వేసుకుంటా" అని పలకలన్నీ ఊడదీసి పెనుకొండకు తీసుకుపోయాడు.

షెడ్డులో బండలు పడ్డాయి. మాట ప్రకారం నారాయణప్ప నోరు కూడా పడిపోయింది. గోడలకు రంగు ఆమె ఇష్టం. టీవీ ఏ గదిలో పెట్టాలో ఆమె ఇష్టం. పప్పులో ఉప్పు లేకపోయినా "బ్రహ్మాండం" అని తినేవాడు. అంగడిలో అంత నోరున్న మనిషి, గడప దాటి లోపలికొస్తే మూగవాడు.

ఒకటే ఆశ మిగిలింది. తప్పు తనది కాదు, ఆ ప్లాస్టిక్‌ది. పెనుకొండలో బామ్మర్ది కూడా బ్రష్షు పట్టుకుని కూర్చుని ఉంటే చాలు, పోయిన మర్యాదలో సగమైనా తిరిగి వస్తుంది.

రెండు నెలలకు ఆలుమగలిద్దరూ పెనుకొండకు పోయారు. కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చినా ఆగకుండా నారాయణప్ప నేరుగా షెడ్డులోకి నడిచాడు.

అక్కడే నిలబడిపోయాడు.

నేల తళతళలాడుతోంది. నున్నగా ఉంది. మధ్య మధ్య రూపాయి బిళ్ళలు అతికించినట్టు అందమైన డిజైను. మట్టి లేదు, నీటి చుక్క లేదు. వెనకే వచ్చిన లక్ష్మీదేవమ్మ చెప్పులు విడిచి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూసింది.

"ఎంత బాగుండాదిరా అంజనప్పా! యాడ కొన్నావు?"

"కొనేదేందక్కా, మీ ఇంట్లోవే కదా ఇవి!"

నారాయణప్ప వంగి నేలను చేత్తో తడిమాడు. "అబద్ధాలు చెప్పొద్దురా. వాటికి గడులు ఉండాల కదా, గడులు యాడ పోయినాయి? మైనం పోసి పూడ్చినావా, పాలిషు కొట్టించినావా?"

అంజనప్ప అక్క వైపు చూశాడు. బావ వైపు చూశాడు. నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పాలిషూ లేదు, పాడూ లేదు... నువ్వు బోర్లా వేసినవాటిని నేను వెల్లకిలా వేసినా బావా, అంతే!"