చెక్కగోడ అవతల

గడియారాల మేస్త్రికి లాటరీ తగిలిందని వీధంతా నమ్మింది.

ఆధారం లేకపోలేదు. లాటరీ కార్యాలయం పక్కనున్న మెట్లు దిగుతూ అతను ఒకే నెలలో మూడుసార్లు కనిపించాడు. అప్పటి నుంచే పిలిస్తే పలకడం మానేశాడు.

"నాలుగు డబ్బులు చేరాక మనం కంటికి ఆనతామా?" అంది కూరలమ్మే ఆవిడ.

అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నవాడు పక్క కొట్టు క్షురకుడు. రెండు కొట్లకూ నడుమ ఒక చెక్కగోడే అడ్డం. ఇరవై ఆరేళ్లుగా ఎవరి పని వారు చేసుకుంటూ, ముఖాలు చూసుకోకుండానే, ఆ గోడ గుండా కబుర్లాడుకున్నారు. ఏ చుట్టరికమూ లేకపోయినా 'బావా' అని పిలుచుకున్నారు.

"బావా, వాన వచ్చేలా ఉంది!"

ఆ నెలలో ఒకరోజు క్షురకుడు గోడకేసి కేకేశాడు.

దువ్వెనతో చెక్క మీద కొట్టాడు. "బతికే ఉన్నావా?"

అటునుంచి రెండు దెబ్బలు వినిపించాయి. మాట మాత్రం రాలేదు.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు," అని గొణిగాడు క్షురకుడు.

ఒక ఆదివారం మేస్త్రి గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. "బావా, నీకో సంగతి చెప్పాలి," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

"నోరు ముయ్యి, లోపలికి సబ్బు పోతుంది."

ముఖమంతా నురగ. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

క్షురకుడు వెనక నిలబడి కత్తి నూరుతూ అడిగాడు: "కోటీశ్వరుడివి. మా చెయ్యి ఇంకా నచ్చుతోందా?"

కత్తి చెంపకు ఆనించాడు.

"నాకేమీ పెట్టొద్దు బావా. పిలిస్తే పలుకు, చాలు."

మేస్త్రి కళ్లు తెరవలేదు.

పని ముగిశాక మేస్త్రి అద్దంలో బావ ముఖం చూశాడు. అది గంటు పెట్టుకుని ఉంది. చెప్పదలచిన సంగతి చెప్పకుండానే లేచి వెళ్లాడు.

ఆనాటి నుంచి క్షురకుడు గోడ మీద కొట్టడమూ మానేశాడు.

ఐదు నెలలకు ఒక ఉదయం పక్క కొట్టు తెరుచుకోలేదు. ఒంటిగదిలో ఉండే మేస్త్రి నిద్రలోనే పోయాడన్న కబురు మూడో రోజుకు గాని అందలేదు.

కొట్టు ఖాళీ చేస్తూ అందరూ లాటరీ సొమ్ము కోసం వెతికారు. విప్పిన గడియారాలు తప్ప ఏమీ దొరకలేదు.

క్షురకుడు మాత్రం చెక్కగోడను చూస్తూ నిలబడ్డాడు. ఒకప్పుడు వీధివైపు ఉండే పనిబల్ల ఇప్పుడు ఆ గోడకు ఆనుకుని ఉంది. తన దువ్వెన దెబ్బలు పడే చోటనే, గడియారాల నూనె అంటిన అరచేతి ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి నల్లబడ్డాయి.

లాటరీ కార్యాలయం పక్కనున్న ఆ మెట్లు ఎక్కడికి పోతాయో వీధిలో ఎవరూ ఎక్కి చూడలేదు. ఆ మధ్యాహ్నం అతను ఎక్కాడు. పైన ఒకటే గది, చెవుల డాక్టరుది.

"గడియారాల ఆయనా?" అన్నాడు డాక్టరు. "గోడ అవతలి మాట ఒక్కటి వినిపిస్తే చాలని బతిమాలాడు. అప్పటికే రెండు చెవులూ పూర్తిగా పోయాయి."