నాయిన డప్పు

పెళ్లిచూపుల్లో జాతకాలు అడగడం పోయి, ఈమధ్య ఏం పాటలు విన్నారో చూసే రోజులు వచ్చాయి. పాటలు వినిపించే చెవికమ్మలో ఎవరు ఏం విన్నా అది ఇంటి ముందుగదిలోని అద్దం మీద అందరికీ కనిపిస్తుంది.

“నెల దినాలు కీర్తనలే పెట్టుకో బిడ్డా,” అని తల్లి సాయమ్మ ఎంత బతిమాలినా సుగుణ ఒప్పుకోలేదు.

జనగామ నుంచి వచ్చిన పెళ్లికొడుకు తల్లి అద్దం చూసి ముఖం చిట్లించింది. “ఏందిది? రోజూ చావు డప్పేనా?”

“మా నాయిన కొట్టింది అత్తమ్మా. ఆయన పోయినంక మాకు మిగిలింది గదే,” అంది సుగుణ.

“మేం డప్పు ఇడిసి రెండు తరాలైంది. మా ఇంట్ల గిది కనపడితే పరువేముంటది? తుడిపెయ్, ఇయ్యాల్నే లగ్గం ఖాయం చేస్కుందాం.”

సుగుణ పెళ్లికొడుకు వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు.

“తుడుపను. లగ్గమైనా వింటా, కాకున్నా వింటా,” అంటూ ఆమె గోడకున్న స్పీకర్‌లో డప్పు పెట్టింది. మోత వీధి దాకా పోయింది.

వచ్చినవాళ్లు విసురుగా లేచి వెళ్లిపోయారు. సాయమ్మ వాళ్లను ఆపలేదు. భర్త చేతి డప్పు దెబ్బ వింటూ కూర్చున్నచోటే కళ్లు తుడుచుకుంది.

“ఇంకింత పెంచు బిడ్డా,” అంది.