తెలుసా గారు

సరిగ్గా పరీక్ష పేపర్లు దిద్దుతున్న రోజే వచ్చిపడ్డాడు ఆ మనిషి.

తలుపు తీసిన టీచరమ్మకి ఒళ్లు మండింది. ఏడాదికోసారి, పిలవని పేరంటంలా, చేతిలో మాసిపోయిన సంచీతో తయారవుతాడు. పేరేమిటో ఏనాడూ అడగలేదు. మొగుడూ పెళ్లాలు ఆయనకి తెలుసా గారు అని పేరు పెట్టుకున్నారు.

"లాకరు బాగా పనిచేస్తోందా అమ్మా?"

"నిక్షేపంలా ఉంది."

"సారుకి కాక ఇంట్లో ఇంకెవరికైనా నంబరు తెలుసా?"

వచ్చింది, అదే ప్రశ్న. ఆరేళ్ల కిందట పడగ్గది గోడలో ఆ లాకరు బిగించింది ఈయనే. అప్పట్నుంచీ ఏటా ఇదే పాట. ఇవాళ తెలుసా అని మొదలుపెట్టినవాడు రేపు ఏదో సర్వీసు స్కీము అంటగడతాడని టీచరమ్మ అనుమానం. షాపువాళ్లకి అంతకన్నా పనేముంది?

"తెలుసు. నాకే తెలుసు," అంది. శుద్ధ అబద్ధం.

"అయితే ఒక్కసారి తెరిచి చూపించండమ్మా. నేను అటు తిరిగి నిలబడతాను. నంబరు నాకొద్దు."

"అంటే, నేను అబద్ధం చెబుతున్నానా?"

"అబ్బే. చాలామంది తెలుసనే అంటారు. తీరా అవసరం పడ్డాక చేతులు ఆడవు. అందుకని."

లోపల్నుంచి భర్త కేకేశాడు. "నంబరు నా తలలో ఉందయ్యా. నా తల ఎక్కడికి పోతుంది?"

"తలలో ఉన్నది ఇంకొకరి తలలో కూడా ఉంటే మంచిది సార్."

"చూడండి, మాకేమీ కొనే ఉద్దేశం లేదు. పేపర్లు దిద్దుకోవాలి," అని టీచరమ్మ ఆయన మొహం మీదే తలుపు వేసేసింది.

వేసి, ఆ కోపం మొగుడి మీదికి మళ్లించింది. "నాకొక్కదానికి చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెప్పిన అరగంటలో మీ అక్కకి ఫోను చేసి చెప్పకుండా ఉండగలవా?"

ఉండలేదు. అదీ ఆవిడ మంట.

రెండు నెలలు తిరక్కుండానే ఒక పొద్దున భర్త స్నానాలగదిలో కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేసరికి మాట లేదు, కుడి చెయ్యి లేవడం లేదు.

"మొదటి స్కానింగులో సరిగ్గా తెలియలేదు. రెండోది చెయ్యాలి," అన్నాడు డాక్టరు. "పాతికేళ్ల కిందట ఈయన తలలో రక్తనాళానికి క్లిప్పు వేశారన్నారు. అది ఏ లోహమో రాసిచ్చిన కార్డు ఉండాలి. అది చూడకుండా ఆ అయస్కాంతం మిషన్లోకి పంపలేను. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది."

కార్డు ఎక్కడుందో టీచరమ్మకి తెలుసు. లాకర్లో ఉంది. లాకరు నంబరు ఎక్కడుందో కూడా తెలుసు. అది ఆ తలలోనే ఉంది.

ఇంటికి పరిగెత్తింది. పెళ్లి తేదీ నొక్కింది. రాలేదు. కూతురి పుట్టినరోజు నొక్కింది. రాలేదు. ఆస్పత్రిలో తండ్రి దగ్గరున్న కూతురికి ఫోను చేసింది.

"ఏ పుట్టినరోజు కొట్టావమ్మా? అసలుదా, బళ్లో రాయించిందా?"

కొట్టింది అసలుదే. పిల్లని ఏడాది ముందే బళ్లో వెయ్యాలని ఈ మహానుభావుడు తేదీ మార్చి రాయించాడు. అదీ నొక్కింది. లాకరు కుయ్యిమని, ఇరవై నిమిషాలు ఆగమంది.

టీచరమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. షాపుకి ఫోను చేసింది.

"ఏటా మా ఇంటికి వస్తాడే మీ మనిషి, ఆయన్ని వెంటనే పంపండి."

"మేం ఎవర్నీ ఇళ్లకి పంపమండీ. బిగించడానికి కూడా బయటివాళ్లనే పిలుస్తాం. కోసి తియ్యాలంటే పక్క ఊరినుంచి మనిషి రావాలి. ఫోను నంబరు ఇస్తాను, రాసుకోండి."

పక్క ఊరి మనిషి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. నిప్పురవ్వలు ఎగజిమ్ముతూ గంటన్నర కోశాడు. తలుపు ఊడగానే, ఆస్పత్రినుంచి వచ్చి కాచుకుని ఉన్న కూతురు కార్డు లాక్కుని ఆటో ఎక్కింది. కోసిన లాకరునీ కొత్త మనిషినీ వదిలి కదిలే వీల్లేక టీచరమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

అతను ఊడిన తలుపుకి తాత్కాలికంగా గొళ్లెం బిగిస్తుండగా కూతురి ఫోను వచ్చింది.

"స్కానింగు అయిందమ్మా. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం... పొద్దున్నే చేసుంటే దక్కేదన్నారు."

టీచరమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది అతనే.

"వద్దు మొర్రో అన్నా ఏటా వచ్చి నా ప్రాణం తీసేవాడయ్యా ఒకాయన. నంబరు ఇంకెవరికి తెలుసు, తెరిచి చూపించండి, అటు తిరుగుతాను అంటూ. తీరా అవసరం పడ్డ రోజున అజా పజా లేడు."

అతని చెయ్యి ఆగింది. "మాసిపోయిన సంచీతో వచ్చేవారా?"

"ఆయనే. షాపు మనిషి కూడా కాదట. మాకేం అంటగడదామని వచ్చేవాడో."

"అంటగట్టడానికి కాదమ్మా," అన్నాడతను చేతి తొడుగులు తీసేస్తూ. "ఆయన మా గురువుగారు, పోయిన నెలే పోయారు. ఈ ఊళ్లో లాకర్లు కోసి తెరిచేది ఆయనొక్కరే, ఆ పని ఏ ఇంట్లోనూ తనకి దొరక్కూడదనే ఏడాది పొడుగునా గడప గడపా తిరిగేవారు."